పాట ఎవరిది, బాణీ ఎవరిది: ప్రక్రియ, శైలి, అరువులపై చర్చ ఎక్కడికొచ్చింది?

యూట్యూబ్‌లో ఒక పల్లెపాట కోటి చూపులు దాటగానే మూడు ప్రశ్నలు బయల్దేరతాయి. ఇది నిజంగా జానపదమేనా? ఈ బాణీ ఏ ప్రాంతానిది? దీన్ని ఎవరి నోట విని తెచ్చారు? మొదటిది ప్రక్రియకు సంబంధించిన ప్రశ్న, రెండోది శైలికి, మూడోది అరువుకు. మూడింటికీ వేర్వేరు జవాబులు కావాలి. కానీ టీవీ చర్చల్లో, పత్రికా వ్యాసాల్లో, చివరికి కోర్టు మెట్ల దగ్గర కూడా ఇవి ఒకే ముద్దగా కలిసిపోతున్నాయి. ‘ఇది జానపదం’ అని ఒకరంటే ‘అయితే ఎవరైనా వాడుకోవచ్చు’ అని ఇంకొకరు అర్థం చేసుకుంటారు. ‘ఇది మా యాస’ అని ఒకరంటే ‘అయితే పాట కూడా మీదే అంటారా?’ అని ఎదురు ప్రశ్న వస్తుంది.

ఈ చర్చకు సంగారెడ్డి జిల్లా పడమటి కొస మంచి పరీక్షాస్థలం. న్యాల్‌కల్ మండలం కర్ణాటకలోని బీదర్ జిల్లాను ఆనుకుని ఉంది. తెలుగు, కన్నడం, దక్కనీ ఉర్దూ ఒకే సంతలో వినిపించే చోటు ఇది. పక్కనే ఝరాసంగం మండలం మాచ్‌నూర్‌లో పల్లె మహిళలు నడిపే రేడియో ఉంది. జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ కేంద్రంగా అదే మహిళలు సినిమాలు తీశారు. ఏది ఎవరిదో తేల్చడం కష్టమయ్యే నేల కాబట్టే, తేల్చే పద్ధతులు ఎంత గట్టివో ఇక్కడ తెలిసిపోతుంది.

అలంకారికులు ఎక్కడ గీత గీశారు?

అరువు మీద చర్చ కొత్తది కాదు. తొమ్మిదో శతాబ్దంలో ఆనందవర్ధనుడు ‘ధ్వన్యాలోకం’ చివరి భాగంలో ఇద్దరు కవుల మధ్య పోలికను మూడు రకాలుగా విడదీశాడు. అద్దంలో బింబంలా ఉండేది, బొమ్మ గీసినట్టు ఉండేది, ఒకరినొకరు పోలిన ఇద్దరు మనుషుల్లా ఉండేది. మొదటి రెండింటినీ వదిలెయ్యమన్నాడు. మూడోదానికి అభ్యంతరం లేదన్నాడు. ముఖాలు కలిసినంత మాత్రాన ఇద్దరు మనుషులు ఒకరైపోరు గదా. ఆ తర్వాత రాజశేఖరుడు ‘కావ్యమీమాంస’లో ఈ విభజనను ఇంకా పెంచి, మాటను తీసుకోవడం వేరు, అర్థాన్ని తీసుకోవడం వేరు అని అధ్యాయాలే రాశాడు. అరువు తెచ్చుకోని కవి ఉండడన్నది అతని ధీమా. దాన్ని తనదిగా మలుచుకునే నేర్పు ఉందా లేదా అన్నదే అతని కొలత.

ఈ వాదానికి ఒక బలం, ఒక పరిమితి ఉన్నాయి. ఎంత తీసుకున్నారన్నది కాకుండా ఏం చేశారన్నది చూడటం బలం. అయితే ఇద్దరూ పేరున్న కవులే అన్న ఊహ మీద ఇదంతా నిలబడింది. ఒకవైపు సభలో కూర్చున్న కవి, మరోవైపు విసుర్రాయి ముందు కూర్చున్న ఆడమనిషి ఉంటే ఎలా కొలవాలో అలంకారికులు చెప్పలేదు. వాళ్ల కాలానికి ఆ అవసరం రాలేదు.

కల్యాణం నుంచి తెలుగులోకి, మళ్లీ కన్నడంలోకి

ఈ సరిహద్దు నేలకు సొంతమైన ఒక పాత ఉదాహరణ ఈ చర్చలో అరుదుగా ప్రస్తావనకు వస్తుంది. బసవేశ్వరుడి కల్యాణం నేటి బీదర్ జిల్లాలోని బసవకల్యాణ్. అక్కడి శరణుల కథల్ని పాల్కురికి సోమనాథుడు తెలుగులో ద్విపదగా ‘బసవపురాణం’ రాశాడు. సంస్కృత వృత్తాల పెద్దరికాన్ని పక్కన పెట్టి, జనం పాడుకోగల దేశి ఛందస్సును పట్టుకోవడం అతని ఎంపిక. 1369లో భీమకవి అదే పురాణాన్ని షట్పదిలో కన్నడానికి తిరిగి తీసుకుపోయాడు. కథ కన్నడ నేలది, కావ్యరూపం తెలుగుది, తిరిగి వెళ్లిన రూపం మళ్లీ కన్నడ ఛందస్సులోది.

ఇందులో ఎవరు ఎవరికి బాకీ? ఈ ప్రశ్న అప్పుడు తగాదాగా మారకపోవడానికి రెండు కారణాలు కనిపిస్తాయి. సోమన తన మూలాన్ని దాచలేదు. ఆ కథలు భక్తులవని చెబుతూనే రాశాడు. రెండోది, తీసుకున్నచోటికి దారి మూసుకుపోలేదు. సోమన రాసిన తర్వాత కూడా శరణుల కథలు కన్నడంలో చెప్పుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈ రెండు షరతులూ నేటి వివాదాల్లో ఎలా తప్పిపోతున్నాయో ముందుముందు చూద్దాం.

పేరు పెట్టే పని ఎవరిది?

ప్రక్రియల పేర్లు వస్తువును ఉన్నదున్నట్టు వర్ణిస్తాయని అనుకుంటాం. తెలుగులో చరిత్ర చూస్తే, పేరు చాలాసార్లు ఒక హక్కును అడిగింది, ఇంకొన్నిసార్లు ఒక హక్కును కాదంది.

కందుకూరి వీరేశలింగం 1878లో రాసిన ‘రాజశేఖర చరిత్రము’ను ఆయనే వచన ప్రబంధమన్నాడు. గోల్డ్‌స్మిత్ ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ ప్రభావం అందులో ఉందని ఆయనకూ తెలుసు, చదివినవాళ్లకూ తెలుసు. 1872 నాటి నరహరి గోపాలకృష్ణమ చెట్టి ‘శ్రీరంగరాజ చరిత్ర’ మొదటి నవలా, వీరేశలింగానిదా అన్న వాదం నూరేళ్లు దాటినా ఆగలేదు. ఆ వాదం పైకి తేదీల గురించి. లోపల ఉన్న ప్రశ్న వేరు: అరువు తెచ్చిన చట్రంలో తెలుగు జీవితాన్ని పెడితే అది ఎవరి నవల?

సినిమా తన పేర్లు తాను పెట్టుకుంది. పౌరాణికం, జానపదం, చారిత్రకం, సాంఘికం అనే నాలుగు గూళ్లు తెలుగు ప్రేక్షకుడికి దశాబ్దాలపాటు సరిపోయాయి. 1951లో వచ్చిన ‘పాతాళ భైరవి’ జానపద చిత్రం. కాశీమజిలీ కథలు, అల్లావుద్దీన్ అద్భుతదీపం రెండూ దాని వెనక ఉన్నాయి. మాంత్రికుడు, రాకుమారి, తోటరాముడు ఉంటే జానపదమే. పల్లెలో పాడుకునే పాటతో దానికి సంబంధం ఉండనక్కర్లేదు. 1957 నాటి ‘మాయాబజార్’ పౌరాణికం. అయినా శశిరేఖ పెళ్లి కథ వ్యాసుడి భారతంలో లేదు. రంగస్థలం, జన కథలు కలిసి పెంచిన కథ అది. అంటే పౌరాణికమన్న గూటిలో పురాణంలో లేని కథ, జానపదమన్న గూటిలో అరేబియా దీపం హాయిగా కాపురం ఉన్నాయి. ఎవరూ అభ్యంతరపెట్టలేదు, ఎందుకంటే ఈ పేర్లు ప్రేక్షకుడికి ఏం ఆశించాలో చెప్పే సంకేతాలుగా పనిచేశాయి తప్ప మూలాన్ని ధ్రువీకరించలేదు.

విశ్వవిద్యాలయం పెట్టిన పేర్ల కథ వేరు. బిరుదురాజు రామరాజు 1958లో ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ గ్రంథంతో పల్లెపాటకు పండిత స్థానం కల్పించాడు. పౌరాణిక గేయాలు, శ్రామిక గేయాలు, స్త్రీల పాటలు వంటి విభాగాలు విద్యార్థులకు అలవాటయ్యాయి. ఈ పని లేకపోతే చాలా పాటలు పోయేవి. అయితే ఆ పుస్తకాల యుగంలో సేకర్త పేరు అట్ట మీదికెక్కితే, పాడినవారు ‘ప్రజలు’గా మిగిలారు.

నృత్యంలో పేరు స్థాయిని నిర్ణయించింది. 1958లో ఢిల్లీలో జరిగిన సదస్సులో కూచిపూడి శాస్త్రీయమా కాదా అన్న సందేహం లేచింది. దానికి జవాబుగా మరుసటి ఏడు హైదరాబాద్‌లో సదస్సు జరిగింది. పేరిణి ఇంకా ముచ్చటైన ఉదాహరణ. పదమూడో శతాబ్దపు జాయప సేనాని ‘నృత్తరత్నావళి’ని, రామప్ప గుడి శిల్పాలను ఆధారం చేసుకుని నటరాజ రామకృష్ణ దాన్ని మళ్లీ నిలబెట్టాడు. అది కాకతీయుల నాట్యమా, ఇరవయ్యో శతాబ్దపు సృష్టా? రెండు జవాబులకూ ఆధారాలున్నాయి. పేరు మాత్రం మొదటి జవాబునే చెబుతుంది.

నాలుగు వాదాలు

ఈ నేపథ్యంలో ఇవాళ మాట్లాడుతున్నవారిని స్థూలంగా నాలుగు వర్గాలుగా చూడవచ్చు.

*లక్షణవాదులు.* బాణీ, తాళం, పల్లవి మకుటం, యాస చూసి ఇది ఏ జాతి పాటో చెప్పవచ్చంటారు. వీరి బలం పరిశీలన. కోలాటం నడకకీ, బతుకమ్మ చుట్టూ తిరిగే నడకకీ తేడా చెవికి పట్టించేది వీరే. బలహీనత ఏమిటంటే లక్షణాల్ని ఎవరైనా నేర్చుకోగలరు. స్టూడియోలో కూర్చున్న సంగీత దర్శకుడు డప్పు దరువు, ‘లో’ అంతంతో మకుటం కలిపితే లక్షణాలన్నీ సరిపోతాయి. అయినా అది ఏ ఊళ్లోనూ పుట్టి ఉండదు.

*సందర్భవాదులు.* పాట ఏం పని చేస్తుందన్నది ముఖ్యమంటారు. నాటు వేసేటప్పుడు నడుముకు ఊతమిచ్చే పాట, పెళ్లిలో వియ్యంకుల్ని ఆటపట్టించే పాట, పీర్ల పండుగలో గుండం చుట్టూ పాడే పాట. పని మారితే పాట జాతి మారిందని వీరి లెక్క. ఈ వాదం పల్లెకు దగ్గర. కానీ నాటు యంత్రం వచ్చాక, ట్రాక్టర్ మీద స్పీకర్ ఎక్కాక పాత పని చేసే పాటలు తగ్గిపోతాయి. అప్పుడు పాటే లేదనాలా, కొత్త పనికి మారిందనాలా?

*ప్రయోజనవాదులు.* వీరి వంశవృక్షం రాజకీయ రంగస్థలంలో ఉంది. 1940ల్లో ప్రజానాట్యమండలి బుర్రకథను అందుకుంది. షేక్ నాజర్ దానికి కొత్త ఊపిరి పోశాడు. 1970ల్లో జననాట్యమండలి ఒగ్గుకథ, వీధి భాగవతం, కూలిపాటల బాణీలు తీసుకుని కొత్త మాటలు కట్టింది. 1980 నాటి ‘మాభూమి’ సినిమాలో బండి యాదగిరి పాటను గద్దర్ పాడాడు. తెలంగాణ ఉద్యమంలో ధూంధాం వేదికలు ఇదే దారిని ఇంకా వెడల్పు చేశాయి. ప్రజల బాణీ ప్రజలకే తిరిగి వెళ్తోంది కాబట్టి అరువన్న మాటే తప్పని వీరి వాదన. ఉద్యమ వేదిక మీద అది నిజం. అదే పాట క్యాసెట్టయి, సీడీ అయి, సినిమా హక్కుగా అమ్ముడైనప్పుడు ఆ సమర్థన అలాగే నిలబడుతుందా అన్నది వీరిలోనే కొందరు వేసుకుంటున్న ప్రశ్న.

*హక్కువాదులు.* జానపదమన్నంత మాత్రాన అనాథ కాదని వీరి మాట. ఆ పాటను బతికించిన కులం, ఊరు, కుటుంబం, ఒక్కోసారి ఒక్క మనిషి ఉంటారు. పేరు వెయ్యాలి, పైకంలో వాటా ఇవ్వాలి. ఈ వాదం నైతికంగా బలమైనది. అమలులో చిక్కు ఎక్కువ: ఏ ఊరికి ఇవ్వాలి? పక్క ఊళ్లో ఇంకో చరణంతో పాడేవాళ్ల సంగతేమిటి?

ఈ నాలుగూ ఒకదానికొకటి పూర్తి శత్రువులు కావు. మొదటి రెండూ ‘ఇదేమిటి’ అని అడుగుతున్నాయి, చివరి రెండూ ‘ఇదెవరిది’ అని అడుగుతున్నాయి. చిక్కల్లా మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబును రెండో ప్రశ్నకు అతికించడంలో ఉంది.

మాచ్‌నూర్, పస్తాపూర్: రెండు దగ్గరి దృశ్యాలు

దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ జహీరాబాద్ ప్రాంతంలో దళిత మహిళా సంఘాలతో 1980ల నుంచి పనిచేస్తోంది. దూరదర్శన్‌లో పనిచేసి వచ్చిన పి.వి. సతీశ్ దాని వ్యవస్థాపకుల్లో ఒకరు. 2023లో ఆయన మరణించారు. చదువురాని మహిళలు కెమెరా పట్టిన కథ చాలామంది విన్నదే. కెమెరా భాషకు వాళ్లు పెట్టుకున్న పేర్లు మాత్రం శైలి చర్చకు నేరుగా పనికొస్తాయి.

సినిమా పాఠ్యపుస్తకంలో కోణాలు మూడు: పై నుంచి కిందికి, కింది నుంచి పైకి, కంటి ఎత్తులో. సంఘం మహిళలు పై నుంచి చూసేదాన్ని పటేల్ షాట్ అన్నారు, ఎందుకంటే పటేల్ గద్దె మీద కూర్చుని కింద నిలబడ్డవాళ్లను అలాగే చూస్తాడు. కింది నుంచి పైకి చూసేది బానిస షాట్. కంటికి కన్ను ఎదురుగా ఉండేది సంఘం షాట్, సంఘంలో అందరూ చాప మీద ఒకే ఎత్తులో కూర్చుంటారు కాబట్టి. కెమెరా అరువుదే, కోణాలూ అరువువే. కానీ పేరు మారగానే ప్రతి షాట్‌కూ ఒక ఎంపిక బాధ్యత వచ్చి చేరింది. రైతును పటేల్ షాట్‌లో తీస్తే తప్పేమిటో ఆ పేరే చెబుతుంది. శైలి అంటే పైపూత అన్నవారికి ఇది గట్టి జవాబు. అరువు తెచ్చిన పరికరం ఎప్పుడు సొంతమవుతుందో కూడా ఇది చూపిస్తుంది: తెచ్చుకున్నవారి అనుభవం దాని వ్యాకరణాన్ని తిరగరాసినప్పుడు.

రెండో దృశ్యం పాటది. మాచ్‌నూర్‌లోని సంఘం రేడియో 2008 అక్టోబర్ 15న ప్రసారాలు మొదలుపెట్టింది. 2006లో వచ్చిన కొత్త విధానం స్వచ్ఛంద సంస్థలకు కమ్యూనిటీ రేడియో తలుపులు తెరవడంతో ఇది సాధ్యమైంది. అంతకు ముందు దాదాపు పదేళ్లు స్టేషన్ సిద్ధంగా ఉండి కూడా కార్యక్రమాలను టేపుల మీద సంఘాలకు వినిపించాల్సి వచ్చింది. విత్తనాల పాటలు, పండుగ పాటలు, దంపుడు పాటలు ఆ టేపుల మీదికెక్కాయి.

విసుర్రాయి దగ్గర పాట నడక రాయి తిరిగే వేగానిది. ఒకరు ఎత్తుకుంటే ఎదుటి మనిషి అందుకుంటుంది. పిండి అయిపోతే పాట ఆగుతుంది, అవ్వకపోతే కొత్త చరణం పుడుతుంది. స్టూడియోలో రాయి లేదు. నిమిషాల లెక్క ఉంది, ఒక మొదలు, ఒక ముగింపు ఉండాలి. సినిమాలోకి వెళ్తే పల్లవి నిలుస్తుంది, చరణాలు మారతాయి, మధ్యలో వాద్యాల ముక్క దూరుతుంది. మూడు చోట్లా ‘అదే పాట’ అంటాం. మొదటి మార్పు పాడినవాళ్ల చేతిలోనే జరిగింది, వాళ్ల స్టేషన్లోనే. రెండోది వాళ్లకు తెలియకుండా జరగవచ్చు. పాటలో వచ్చిన మార్పు పరిమాణం రెంటికీ ఇంచుమించు ఒకటే అయినా, అధికారం ఎవరి దగ్గర ఉందన్నది ఒకటి కాదు.

ఈ సంఘాలకే విత్తన బ్యాంకులున్నాయి. జొన్న, కొర్ర, సామ విత్తనం తీసుకున్నవాళ్లు పంట చేతికొచ్చాక తీసుకున్నదానికంటే ఎక్కువ కొలిచి తిరిగి ఇస్తారు. సంక్రాంతి నుంచి ఎడ్లబండ్ల మీద ఊరూరా తిరిగే పాత పంటల జాతరలో ఆ విత్తనాలు, పాటలు పక్కపక్కనే కనిపిస్తాయి. విత్తనానికి ఉన్న తిరుగు లెక్క పాటకు లేదు. చట్టంలోనూ అంతే. 2001లో వచ్చిన మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం ‘రైతుల రకం’ అనే గూడు కట్టి రైతును హక్కుదారుగా గుర్తించింది. పాడే మనిషికి, పాడే సమూహానికి ఆ పాట మీదే హక్కిచ్చే అలాంటి గూడు మన చట్టాల్లో ఇంకా లేదు.

చట్టం ఎంతవరకు వస్తుంది?

1957 కాపీరైట్ చట్టం ఆలోచనను కాదు, వ్యక్తీకరణను కాపాడుతుంది. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు ఈ గీతను గట్టిగా గీసింది. ‘హమ్ హిందుస్తానీ’ నాటకానికి ‘న్యూఢిల్లీ’ సినిమా నకలన్నది ఫిర్యాదు. ఇతివృత్తం మీద, ఆలోచన మీద ఎవరికీ గుత్తహక్కు ఉండదనీ, రెండూ చూసిన సామాన్య ప్రేక్షకుడికి ఇది అదేనన్న తిరుగులేని భావన కలిగితేనే నకలనీ కోర్టు తేల్చింది. సినిమా పక్షానే తీర్పు వచ్చింది. ఒక రకంగా ఇది ఆనందవర్ధనుడి మూడు పోలికలకు కోర్టు భాషలో కొనసాగింపు.

శైలికి చట్టంలో రక్షణ లేదు. ఉండకూడదని చాలామంది మాట, ఉంటే కళ కదలదు. ప్రక్రియకూ లేదు. రచయిత ఎవరో తెలిసిన పాటకు ఆయన జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు రక్షణ. తరతరాలుగా నోటినోటా వచ్చిన పాటకు రచయిత తేలడు కాబట్టి ఆ రక్షణ చేతికి రాదు.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. ఆగాల్సిన పని లేదు. ఒక రికార్డింగులో మూడు పొరలున్నాయి: పాట, పాడటం, రికార్డు. పాట ఎవరిదీ కాకపోయినా, పాడిన మనిషికి ప్రదర్శకురాలి హక్కు ఉంది. 2012 సవరణ దాన్ని బలపరిచి, ప్రదర్శకురాలిగా తన పేరు చెప్పాలని కోరే నైతిక హక్కును కూడా చేర్చింది. దాని కాలపరిమితి 50 ఏళ్లు. రికార్డు చేసినవారి హక్కు 60 ఏళ్లు. అయితే ఈ హక్కు ఆ గొంతులో ఆ రికార్డింగుకే. ఆ పాటను విని ఇంకొకరు కొత్తగా పాడితే ఈ కవచం పనిచెయ్యదు. సినిమా చేసేది సరిగ్గా అదే.

2021లో ‘లవ్ స్టోరీ’ సినిమాలోని ‘సారంగదరియా’ చుట్టూ రేగిన వివాదం ఈ ఖాళీలోనే పుట్టింది. పల్లవి జానపదం, చరణాలు తనవన్నది రచయిత సుద్దాల అశోక్‌తేజ వాదన. ఆ పాటను అంతకు ముందే టీవీలో వినిపించిన గాయని, సేకరణ తనదనీ తనకు గుర్తింపు దక్కాలనీ అడిగింది. చివరికి దర్శకుడు శేఖర్ కమ్ముల గుర్తింపు ఇస్తామని ప్రకటించాడు. చట్టం తేల్చలేనిదాన్ని సంప్రదింపులు సర్దుబాటు చేశాయి. కానీ సేకర్తకు హక్కుంటుందా, ఉంటే దేనిమీద అన్న అసలు ప్రశ్న అలాగే మిగిలింది.

చేతివృత్తుల వైపు భౌగోళిక గుర్తింపు అనే ఇంకో పనిముట్టు ఉంది. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో అది వచ్చింది. ఊరి పేరును దొంగ సరుకు నుంచి కాపాడటానికి అది ఉపయోగపడింది. కానీ ఇక్కత్ నేత పోచంపల్లికి ఇరవయ్యో శతాబ్దం మొదట్లో చీరాల వైపు నుంచి వచ్చిందే. పక్కనున్న బీదర్‌లో బిద్రీ పనితనం కూడా బహమనీల కాలంలో పర్షియా నుంచి వచ్చిన నేర్పుకు, కోట మట్టికి, స్థానిక చేతికి పుట్టిన బిడ్డ. అరువు తెచ్చుకున్న శైలి కాలక్రమంలో ఒక చోటి సొత్తవుతుంది. ఎప్పుడు అవుతుందో చట్టం చెప్పదు, దరఖాస్తు పెట్టిన రోజు ఎవరి దగ్గర ఉందో చూస్తుంది.

పక్కపక్కన పెట్టి చూస్తే

ఇంతవరకు చెప్పుకున్న ఉదాహరణలకు ఊరి భజనను కూడా కలిపి మూడు ప్రశ్నలతో కొలిస్తే ఇలా కనిపిస్తాయి: మూలం చెప్పారా, రూపం మారిందా, తీసుకున్నచోట వాడుక యథాతథంగా సాగుతోందా?

• బసవపురాణం: మూలం చెప్పారు. రూపం పూర్తిగా మారింది. వాడుక సాగింది, కావ్యం తిరిగి మూలభాషకే చేరింది.

• రాజశేఖర చరిత్రము: చట్రం పరాయిది, జీవితం ఇక్కడిది. మూలానికి నష్టం లేదు. తగాదా మొదటితనం గురించే.

• జననాట్యమండలి పాట: బాణీ ప్రజలది, మాట కొత్తది. వేదిక మీద వాడుక పెరిగింది. అమ్మకం మొదలయ్యాక ప్రశ్నలు మొదలయ్యాయి.

• సంఘం షాట్: పరికరం అరువుది, వ్యాకరణం మారింది. ఇచ్చినవారికి ఏ నష్టమూ లేదు.

• సినిమాకెక్కిన పల్లెపాట: మూలం సగం చెబుతారు, లేదా ‘జానపదం’ అని ఒక్క మాటతో ముగిస్తారు. రూపం మారుతుంది. వాడుక సాగుతుంది, కానీ డిజిటల్ వేదికల మీద ఇంకో చిక్కు ఉంది. సినిమా కంపెనీ రికార్డు నమోదై ఉంటే, ఊళ్లో పాడి పెట్టిన వీడియో మీదే హక్కుల అభ్యంతరం పడే వీలుంది. పాత పాట పాడినవాళ్లే నకలుదారులుగా కనబడవచ్చు.

• ఊరి భజన, డీజే: సినిమా బాణీలో అయ్యప్ప పాట, బతుకమ్మ పాట. మూలం అందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు. సినిమాకు నష్టం లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

చివరి రెండు వరసలు కలిపి చదివితే విషయం తేటపడుతుంది. పల్లె సినిమా నుంచి తీసుకుంటుంది, సినిమా పల్లె నుంచి తీసుకుంటుంది. పని ఒకటే, ఫలితం ఒకటి కాదు. ఒకవైపు తీసుకోవడం వల్ల మూలం దారి మూసుకుపోదు, ఇంకోవైపు మూసుకుపోవచ్చు. కాబట్టి అరువు తప్పా ఒప్పా అని పోలిక పాళ్లు లెక్కపెట్టి తేల్చలేం.

ఇంకా తేలనివి

కొన్ని ప్రశ్నలు నిజంగానే తెరిచి ఉన్నాయి.

మొదటిది, సమూహం తరఫున ఎవరు సంతకం చెయ్యాలి? కులసంఘమా, పంచాయతీనా, పాడే బృందమా? న్యాల్‌కల్ లాంటి చోట ఒకే బాణీకి తెలుగు మాట, కన్నడ మాట రెండూ ఉంటే రెండు రాష్ట్రాల మధ్య ఇది ఇంకా జటిలం. ప్రపంచ మేధాహక్కుల సంస్థ 2000లో దీని మీద ఒక కమిటీ వేసింది. జన్యు వనరులపై 2024 మే నెలలో ఒప్పందం కుదిరింది. జానపద వ్యక్తీకరణలపై మాత్రం అలాంటి ఒప్పందం రాలేదు.

రెండోది, సంస్థల దగ్గరున్న రికార్డులు. ఆకాశవాణి, విశ్వవిద్యాలయాలు, స్వచ్ఛంద సంస్థలు దశాబ్దాలుగా సేకరించిన టేపుల్లో పాడినవారి అనుమతి ఏ మేరకు ఉంది? పరిశోధనకని ఇచ్చిన గొంతు ప్రకటనలో వినబడితే ఏం చెయ్యాలి?

మూడోది, కృత్రిమ మేధ. ఒక ప్రాంతపు పాడే తీరును యంత్రం అనుకరిస్తే, శైలికి రక్షణ లేదన్న పాత సూత్రం సరిపోతుందా? ‘కీడా కోలా’ సినిమాలో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గొంతును ఏఐతో పుట్టించారంటూ ఆయన కుటుంబం లీగల్ నోటీసు పంపినట్టు 2024లో వార్తలొచ్చాయి. పేరున్న గొంతుకు వారసులున్నారు, వకీళ్లున్నారు. మాచ్‌నూర్ టేపులోని గొంతును ఆ యంత్రం మింగితే అడగడానికి ముందుగా తెలియాలి కదా.

నాలుగోది, ఎక్కువ రక్షణ వల్ల వచ్చే ప్రమాదం. ప్రతి పల్లవికీ యజమానిని నియమిస్తే సోమన రాయలేడు, నాజర్ పాడలేడు. ప్రయోజనవాదుల ఈ భయాన్ని తేలిగ్గా కొట్టెయ్యలేం.

ముందు అడగాల్సిన ప్రశ్న

చర్చ మొత్తం కలియజూస్తే ఒక తప్పు పదేపదే కనిపిస్తుంది. ‘జానపదం’ అనే ప్రక్రియ పేరు యాజమాన్య తీర్పుగా మారిపోయింది. ఆ మాట రాగానే వెతకడం ఆగిపోతుంది. పాట వివరాల్లో ‘సాహిత్యం: జానపదం’ అని రాసి, కింద సంగీతం, గానం, నిర్మాణం, కెమెరా, కూర్పు అందరి పేర్లూ వేస్తారు. పేరులేనిది ఒక్క వరసే. లక్షణవాదులు, సందర్భవాదులు ఏ ప్రక్రియో ఎంత నిక్కచ్చిగా తేల్చినా, దాన్ని బట్టి హక్కు తేలదు.

ఈ రెంటినీ విడదీస్తే సగం చిక్కు వీడుతుంది. ప్రక్రియ పేర్లు వదులుగానే ఉండనివ్వవచ్చు. ‘పాతాళ భైరవి’ని జానపదమనడం వల్ల ఎవరి కడుపూ కొట్టలేదు. శైలిని ఎవరి సొత్తూ చెయ్యకుండా వదిలెయ్యాలి, లేకపోతే సంఘం మహిళలకు కెమెరా కోణాలూ దక్కేవి కావు. బిగించాల్సింది అరువు లెక్క ఒక్కటే. దానికి కొత్త చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. పాట వివరాల్లో నాలుగు సంగతులు రాస్తే చాలు: ఏ ఊళ్లో విన్నారు, ఎవరు పాడగా విన్నారు, ఎవరు సేకరించారు, అందులో కొత్తగా కలిపింది ఏమిటి. కలిపినదాని మీదే హక్కు అడగాలి, విన్నదాన్ని తిరిగి పాడుకునే హక్కు ఊరికి ఉందని రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. రేడియో స్టేషన్లు, విశ్వవిద్యాలయాల జానపద శాఖలు తమ టేపులకు ఇలాంటి జాబితా సిద్ధం చేస్తే ‘ఎవరిదో తెలియదు’ అన్న జవాబు చాలా చోట్ల చెల్లదు.

ఇది అన్ని తగాదాలనూ తీర్చదు. రెండు ఊళ్లు ఒకే పాట మాదంటే రెండు పేర్లూ వెయ్యాల్సి వస్తుంది. వాటా ఎంతో తేల్చడం ఇంకా కష్టం. అయినా ఇవి తెలిసిన మనుషుల మధ్య జరిగే బేరాలు. పేరే లేనివారితో బేరం కుదరదు. చర్చ ముందుకు సాగాలంటే ఆ ఖాళీ వరసలో పేరు రాయడంతోనే మొదలుపెట్టాలి.